చిన్నాయన వేసిన కొండ

నా చిన్నప్పుడు తిరుపతిలో మా చిన్నాయన అగరొత్తుల పెట్టెలకీ, పళ్ళపొడి డబ్బాలకీ లేబుళ్ళు గీసి బతికేవాడు. పొద్దస్తమానం వంగి గీసీ గీసీ నడుము పట్టేసేది, కళ్ళు నీళ్ళు కారేవి. అయినా తెల్లవారుతూనే మిద్దె ఎక్కి, తనకోసం కొండను రంగుల్లో వేసుకునేవాడు. అందులో గీతలుండవు. నీలం మచ్చ పక్కన ఊదా మచ్చ, దానిమీద కాస్త ఎండ. దగ్గరికెళ్ళి చూస్తే ఏమీ తెలియదు, వెనక్కి జరిగితే కొండ నిలబడేది. ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు.

ఒకసారి అగరొత్తుల వ్యాపారి కొత్త పెట్టె మీదికి కొండ బొమ్మ అడిగాడు. తన కొండ ఒక్కసారైనా నలుగురి ఇళ్ళకూ వెళుతుందని చిన్నాయన ఎంత ఆశపడ్డాడో! చిత్రాన్ని గోడకు ఆనించి, ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

వ్యాపారి వచ్చి, దాని మీదికి వంగి ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. "ఏందప్పా ఇది, అంతా అలికేసినట్టుండాది! గుడి యాడ? మెట్ల దోవ యాడ? గీతలు కొట్టి తేటగా వెయ్యప్పా" అన్నాడు. చిన్నాయన సరేనని తలూపాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వ్యాపారి వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ ఎందుకో వెనక్కి తిరిగాడు. అంత దూరం నుంచి గోడ దగ్గర కొండ కనబడింది. మా ఊళ్ళో కొండ కంటబడితే చేతులు వాటంతటవే లేస్తాయి. ఆయన చెప్పులోంచి కాలు తీసి, "గోవిందా" అని లెంపలేసుకున్నాడు. అంతలోనే తేరుకుని, "అయినా గీతలు కావాలప్పా, రేపటికి" అని వెళ్ళిపోయాడు.

నేను ఏడుపు ముఖం పెట్టాను. చిన్నాయన నీరసంగా నవ్వాడు. "నోరు వద్దనింది గానీ పాపా, చెప్పులిడిసి దండం పెట్టినాడు సూడు" అన్నాడు. నడుము పట్టుకుని కూర్చుని, గీతల కొండ మొదలుపెట్టాడు.

ఇప్పుడు నేను పుత్తూరులో ఏళ్ళ తరబడి రవికెలు కుడుతున్నాను. మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగిపోయాయి. నిజం చెప్పొద్దూ, విసుగొస్తుంది. బాగా కుట్టావని చెప్పే నోరు అరుదు. చంక బిగువనో, మెడ లోతనో వంకలు పెడుతూనే ఉంటారు. నేను సరేనంటూ వాళ్ళనే చూస్తుంటాను. అంత వంక పెట్టిన ఆమె కూడా, వెళ్ళబోతూ అద్దం ముందు ఆగి ఒకసారి భుజం తిప్పి చూసుకుంటుంది. అలసట తీరదు గానీ, ఇంకో గుడ్డ చేతిలోకి తీసుకోగలుగుతాను.