ఎత్తనా అని అడిగాక

“ఎత్తనా మావా?” అన్నాను.

“ఉండే. కాసేపు ఆగు,” అన్నాడు.

ఆసుపత్రిలో దుప్పటి మార్చడానికి మా ఆయన చంకల కింద చేతులు పెట్టబోతూ నేను అడిగిన మాట, ఆయన చెప్పిన మాట. మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. నేను ఆగాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నాకు సంతకం వరకే వచ్చు. చెబుతుంటే మేనకోడలు పార్వతి రాస్తోంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో వికలాంగుల శిక్షణ కేంద్రం ఒకదానిలో ఆయాగా చేసి రిటైరయ్యాను. ఆయా అంటే ఊడ్చే మనిషని కొందరనుకుంటారు. మా అసలు పని ఎత్తడం. మంచం మీంచి కుర్చీకి, కుర్చీలోంచి బస్సుకి. దానికో పద్ధతుంది. ముందు చక్రాల కుర్చీకి బ్రేకు వెయ్యాలి. కాళ్ళు పెట్టుకునే పలకలు మడవాలి. ఒకరు వెనకనుంచి చంకల కింద పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ళ కింద. వెనకున్నవాళ్ళు ఊ అంటేనే లేపాలి. వీటన్నిటికంటే ముందు, ఎత్తబోయే మనిషిని అడగాలి. ట్రైనింగులో అలాగే నేర్పారు.

కరోనా తగ్గిన మరుసటి చలికాలం నాకు పిక్నిక్ డ్యూటీ పడింది. మా కేంద్రం ఉన్న గరాచర్మ నుంచి బస్సులో బీచికి. చేతులు చాలవని మా ఇంట్లోవాళ్ళనూ వాలంటీర్లుగా రమ్మన్నారు. ఆ ఒడ్డునే మా ఆయన తన డుంగీ, అంటే చిన్న ఇంజను పడవ, కట్టేసేవాడు. ఆయన చొక్కాకి నేనే వాలంటీరు బ్యాడ్జీ గుచ్చాను.

“ఈ బిళ్ళ సూసి సేపలు సలాం కొడతాయేటి?” అన్నాడు.

మా కేంద్రంలో కుట్టుపని నేర్పే నూకరత్నం కూడా వచ్చింది. పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిన మనిషి, చేపల వేటకెళ్ళేవాళ్ళ కూతురు. ఏటా కుర్చీలన్నీ చెట్ల కింద సిమెంటు మీదే ఆగిపోయేవి. అక్కడే భోజనం, అక్కడే పాటలు, తిరిగి బస్సు.

“బిర్యానీ ఇంటికాడా తింటాం దీదీ. ఏడాదికోపాలి సముద్రాన్ని ఫోటోలాగ సూపించి లాక్కుపోతారా? నా కాళ్ళు తడవాల,” అంది నాతో. ఒక షరతు పెట్టింది. తనను మొయ్యకూడదు. కిందటేడు ఇద్దరు అడక్కుండా లేపితే చీర పైకి పోయి, అందరి ముందూ తల ఎత్తుకోలేకపోయిందట. వెళితే కుర్చీలోనే వెళ్ళాలి.

మా ఇన్‌ఛార్జి మేడం వద్దనలేదు గానీ, నాలుగింటికి బస్సు కదలాలంది. నాకు అప్పటినుంచే కాలు నిలవలేదు. బస్సును చూస్తాను, నీళ్ళను చూస్తాను, మళ్ళీ బస్సు. నూకరత్నాన్ని తోసుకెళ్తే ఇసకలో చక్రం రెండడుగులకే కూరుకుపోయింది. వేటకెళ్ళే మావాళ్ళకు ఏ పని అడ్డం తిరిగినా చెయ్యి వల మీదికే పోతుంది. మా ఆయన డుంగీలోంచి పాత నైలాను వల తెచ్చి మడతలు వేసి పరిచాడు. పొడి ఇసక మీద కుర్చీ హాయిగా నడిచింది. తడి ఇసకకు రాగానే ముందు చక్రాలు వల కళ్ళలో చిక్కుకున్నాయి. ముందుకు పోదు, వెనక్కి రాదు. సముద్రానికి పోటు మొదలైంది, నీళ్ళు పైకొస్తున్నాయి.

“అరే భయ్యా, ఉఠావో ఉస్కో! జల్దీ!” ఎత్తెయ్యమని ఒడ్డునుంచి మేడం అరుస్తోంది. అల వచ్చి పలకలు తడిపి పోయింది. మా ఆయన వంగి చేతులు చాపాడు. నూకరత్నం ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఎత్తనా అమ్మా?” అన్నాడు.

“ఆగు. ఇంకో అల రానీ.”

ఆయన కుర్చీ పక్కనే నీళ్ళలో చతికిలబడి, రెండు చేతులతో చక్రం గట్టిగా పట్టుకున్నాడు. నేను వెనక పిడి పట్టుకున్నాను. మేడం అరుపులు ఆగలేదు. అల వచ్చింది. మోకాళ్ళ దాకా తడిసింది. నూకరత్నం చీర అంచు పిండుతూ పకపకా నవ్వింది.

“ఏటి దీదీ, మీ ముసలోడు కుదిపేత్తన్నాడు, సరిగ్గా పట్టుకోమను!” అంది. ఇంకో అల చూసుకుని, చీర కాళ్ళకు చుట్టుకుని, “ఇప్పుడు ఎత్తండి,” అంది.

పద్ధతి ప్రకారం ఎత్తాం. వల కోస్తేగానీ కుర్చీ రాలేదు. బస్సు ఆలస్యమైనందుకు నాకు మెమో వచ్చింది. అది న్యాయమే, టైము నా బాధ్యత.

ఎత్తే ముందు అడగాలని ట్రైనింగులో తెలిసింది. అడిగాక జవాబు వచ్చేదాకా ఆగడం కూడా పనిలో భాగమేనని ఆ ఒడ్డున తెలిసింది. ఆసుపత్రిలో ఆ రోజు నర్సమ్మ వచ్చి, దుప్పటి మార్చకుండా ఎందుకు కూర్చున్నావని అడిగింది. ఆయనింకా ఊ అనలేదని చెప్పాను.

పార్వతీ, చాలు. మొదటినుంచి చదివి వినిపించు. నేను అననిది ఏదైనా కలిపుంటే ఆగమంటాను, ఆగు.