ఎద్దు విన్న మాట

నిన్న మా వీధిలో పైపుల కోసం గుంత తవ్వితే తడి వండ్రు మట్టి వాసన లేచింది. ఎనభై దాటిన దాన్ని, ఇంకా ఆ వాసనకు నాకు గుండె దడే.

దొరల కాలం, మద్రాసు రాజధాని రోజులు. ఎండాకాలం కంభం చెరువులో నీళ్లు వెనక్కి పోగానే ఊరంతా బండ్లు కట్టి వండ్రు చేలకు తోలడం, మధ్యాహ్నం సంకటి, గోంగూర పచ్చడి, ఉల్లిగడ్డ తినడం, వండ్రు తవ్విన గుంతల్లో మా పిల్లమూక దాగుడుమూతలాడటం ఏటా ఉండేదే. ఆ ఏడు పాత ఎద్దు చచ్చిపోతే, బళ్లారి దిక్కు నుంచి వచ్చిన మందలో నాయన కొత్తదాన్ని కొన్నాడు. అదీ పోతే మాకిక సేద్యం లేదు.

ఒకనాడు కొండల్లో వాన పడి వాగు దిగుతోందని కేకలు లేచాయి. అందరి బండ్లూ గట్టెక్కాయి. మా కొత్త ఎద్దు మాత్రం బురదలో దిగబడి, కాడి విప్పినా లేవనని మొండికేసింది. నాయన తోక మెలిపెట్టాడు, ముల్లుగర్రతో పొడిచాడు, "దా! దా!" అని గొంతు చించుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నీళ్లు దాని గంగడోలును తాకాయి. దాన్ని వదిలి నాయన రాడని తెలిసి నేను ఏడుపు లంకించుకున్నాను.

సంకటి గంప తెచ్చిన జేజి, అంటే నాయన తల్లి, చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగింది.

"బా మగనే, బా... బా..."

అర్ధవీడు లంబాడీ తండా నుంచి వచ్చే నా జతగత్తె సాలి వాళ్ల నాయన్ను 'బా' అని పిలిచేది. జేజి ఎద్దును పట్టుకుని నాయనా అంటుందేంది అనుకున్నాను. ఎద్దు మాత్రం చెవులు రిక్కించింది. కాళ్లు కూడదీసుకుని లేచి, ఆ గొంతు వెంటే గట్టుకు వచ్చేసింది.

"అదేం మాటమ్మా?" అన్నాడు నాయన.

"కన్నడం. రా కొడకా అని. నా పుట్టిల్లు బళ్లారి దిక్కు గదరా."

"నాతో ఎప్పుడూ అనకపోతివే?"

"మా అత్త అననీలేదు నాయనా. నువ్వు పుట్టిన్నాడే నా నోరు మూయించినాది. గొడ్డును పిలిస్తే ఎవురేమంటారు?"

అంతెత్తు మనిషి నాయన ఆ బురదలోనే కూలబడి ఏడ్చాడు.

ఇప్పుడు చెరువులో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. ఎద్దులూ లేవు, వాటిని పిలిచేవాళ్లూ లేరు. జేజి దగ్గర ఆ భాష నేర్చుకోవాలని అప్పుడు మాకెవరికీ తోచలేదు. చివరి రోజుల్లో ఆమె తెలుగు పూర్తిగా మరిచిపోయి, మంచంలో పడి కన్నడంలోనే ఏవేవో అడిగేది. "బా" అన్నప్పుడల్లా నాయన దగ్గరికి పోయి కూర్చునేవాడు. తక్కినదంతా ఏమడిగిందో మాలో ఒక్కరికీ అర్థం కాలేదు.