ఆరుగురు పట్టే కారు

ఆర్లిస్ ట్వీటెన్ మా హాల్వర్ ఊరి బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు వంట చేసింది. ఈ ఊళ్లో నలభై ఏళ్లలోపు వాళ్లలో ఆమె చేతి వంట తినకుండా పెరిగినవాడు ఒక్కడూ లేడు. వందల మంది పిల్లలకు "ఇంకొంచెం వేసుకోరా" అని కొసరి కొసరి వడ్డించిందే గానీ, తనకు ఫలానాది కావాలని ఒక్కనాడూ ఎవర్నీ అడిగి ఎరగదు. అడగడం మాట దేవుడెరుగు, తీసుకొచ్చి చేతిలో పెట్టినా పుచ్చుకోవడం రాదు.

ఒక్క ఆమెననడం ఎందుకులెండి, మిన్నెసోటాలో ఈ పడమటి వైపు వాళ్లందరిదీ అదే రోగం. ఎవరైనా కాఫీ ఇస్తామంటే మొదటిసారి "అబ్బే, ఇప్పుడే తాగొచ్చా" అనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అనాలి. మూడోసారి అడిగినప్పుడు మాత్రం "సరే, ఎలాగూ కాచారు గనక అరకప్పు పోయండి" అని, కూర్చుని మూడు కప్పులు తాగాలి. ఇచ్చేవాళ్లకీ తెలుసు, పుచ్చుకునేవాళ్లకీ తెలుసు. చర్చిలో విందు పెట్టినప్పుడు పళ్లెంలో ఆఖరి కేకు ముక్క మిగులుతుంది చూడండి, దాన్ని చచ్చినా ఎవరూ తీసుకోరు. ఒకావిడ సగం కోసుకుంటుంది, ఇంకొకావిడ ఆ సగంలో సగం కోసుకుంటుంది, చివరికి గోరంత మిగిలితే దాన్ని పళ్లెంతో పాటు కడిగి పారేస్తారు. చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. మండుతూనే నేనూ సగమే కోసుకుంటాను.

మొగుడు పోయి పన్నెండేళ్లయినా ఆర్లిస్ ఏనాడూ దిగులుగా మూల కూర్చోలేదు. ఆమెకి గురువారం ఉంది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా తన పాత పెద్ద కారు బయటికి తీసి, ఇంటింటి ముందూ ఆగి, ఐదుగురు స్నేహితురాళ్లని ఎక్కించుకుని ఇరవై ఎనిమిది మైళ్ల అవతల ఉన్న డాన్సు హాలుకి బయల్దేరేది. అక్కడ అకార్డియన్ మోగుతుంటే పోల్కా ఆడటం. మగాళ్లు కరువు గనక ఆడవాళ్లే ఒకళ్ల నడుం ఒకళ్లు పట్టుకుని గిరగిరా తిరగడం. ఆ తర్వాత ఆయాసపడుతూ కాఫీలు, కబుర్లు. పంతొమ్మిదేళ్లుగా ఎవరి చోటు వాళ్లదే. వెనక సీట్లో లవాన్, పక్కన అక్కచెల్లెళ్లు బెర్డెల్, బెర్నిస్. ముందు తలుపు పక్కన ఓర్ఫా. ఓర్ఫాకీ ఆర్లిస్‌కీ మధ్యన అయోన్.

ఈ అయోన్ గురించి చెప్పాలి. సన్నగా, పొట్టిగా, ఉందో లేదో తెలియనట్టు ఉంటుంది. ఊరి లైబ్రరీలో పనిచేసి మానేసింది. పెళ్లి లేదు, పిల్లల్లేరు, వెనకాముందూ ఎవరూ లేరు. గురువారం తప్ప మిగతా ఆరు రోజులూ ఆమె మాట్లాడేది తన పిల్లితోనే. ఆ పిల్లికేమో బ్రహ్మచెవుడు.

జూన్‌లో ఒక సాయంత్రం ఆర్లిస్ కారుకి జింక అడ్డం వచ్చింది. ఆర్లిస్‌కి ఏమీ కాలేదు, జింక లేచి పోయింది, కారు మాత్రం పోయింది. ఇన్సూరెన్సు వాళ్లొచ్చి చూసి పెదవి విరిచి ఈడ్చుకుపోయారు. ఆర్లిస్ తమ్ముడు తన కారు ఇచ్చాడు. మంచి కారే. కానీ ఐదుగురికే.

ఇక చూడండి మొహమాటం! "నేనాగిపోతాలే" అని లవాన్. "కాదు, నాకే కాళ్లనొప్పులు" అని ఓర్ఫా. అక్కచెల్లెళ్లయితే నేనాగిపోతానంటే నేనాగిపోతానని. ఇంతలో అయోన్ మెల్లగా, "నాకు ఈ వారం తోటలో పనుందే, మీరెళ్లిరండి" అంది. రెండో వారం పన్ను నొప్పి అంది. మూడో వారం పిల్లికి బాలేదంది.

ఆ మూడో గురువారం డాన్సు నుంచి తిరిగొస్తూ, అందర్నీ దింపేసి, పాపం పిల్లికి ఎలా ఉందోనని ఆర్లిస్ అయోన్ ఇంటికెళ్లింది. పిల్లి సుబ్బరంగా ఉంది. అయోన్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన కుచ్చుల గౌను, తెల్ల డాన్సు బూట్లు, చెవులకి ముత్యాల పోగులు. రానని తనే చెప్పి, తనే తయారై కూర్చుంది. ఆర్లిస్ గుమ్మంలోనే నిలబడి, "వాన వచ్చేట్టుంది" అంది. "అవును, మబ్బు పట్టింది" అంది అయోన్. బయటికొచ్చి కారెక్కాక ఆర్లిస్‌కి ఏడుపు ఆగలేదు. ఇలాగే ఇంకో రెండు వారాలు పోతే అయోన్ ఇక పూర్తిగా రాదు, రమ్మంటే కూడా రాదు. ఆ సంగతి ఆర్లిస్‌కి బాగా తెలుసు.

మర్నాడే కార్ల షాపుకెళ్లింది. అమ్మేవాడు తళతళలాడే కార్లన్నీ చూపించాడు. ఆమె ప్రతి దాని తలుపూ తీసి ముందు సీటు చూడటం, మూసేయడం.

"ముందు మధ్యలో సీటేదయ్యా?"

"అక్కడ సీటుండదండీ. కప్పులు పెట్టుకోవడానికి గుంటలుంటాయి."

"కప్పు చేత్తో పట్టుకుంటాం గానీ, మనిషినెక్కడ పెట్టుకోమంటావు?"

వాడు నవ్వి ఏడుగురు పట్టే ఎత్తు బండి చూపించాడు. లవాన్‌కి తుంటి కీలు మార్చారు, ఆ ఎత్తుకి నిచ్చెన వేసినా ఎక్కలేదు. పోనీ ఎక్కిందే అనుకున్నా, వెనక వరసలోకి చేరాలంటే పాకాలి. దాని ధర విన్నాక ఆర్లిస్ కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి ఇంటికొచ్చేసింది.

అప్పుడు తగిలింది మంగలి క్విస్ట్ గారి కారు. ముసలాయన వసంతంలో పోయాడు. ఇల్లు ఖాళీ చేయడానికి ఆయన అన్న కొడుకు ట్రెంట్ అని న్యూజెర్సీ నుంచొచ్చాడు. గ్యారేజీ తలుపు తీసి ఉంటే ఆర్లిస్ అటుగా నడుస్తూ చూసింది. మర్క్యురీ గ్రాండ్ మార్క్విస్. లేత నీలం రంగు, పడవంత పొడుగు. ఇరవై ఏళ్ల పైబడ్డా మొన్న కొన్నట్టుంది. ముసలాయన దాన్ని చర్చికీ, కిరాణా కొట్టుకీ, చేపలు పట్టడానికీ తప్ప తీసింది లేదు. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా సోఫాలా ఒకటే. మధ్యలో కూడా బెల్టు ఉంది! ఆర్లిస్ అద్దానికి మొహం ఆనించి ఇంకోసారి చూసుకుంది.

ట్రెంట్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు. "కారు చూస్తున్నారా అండీ? నాకెందుకిది, అమ్మేయాలి. పదిహేను వందల డాలర్లిచ్చి తీసుకెళ్లండి."

అంత కారు అంత చవగ్గా! ఇంకో ఊరివాళ్లయితే ఎగిరి గంతేసి తాళాలు లాక్కునేవాళ్లు. ఆర్లిస్ నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా?

"అబ్బే, నాకెందుకండీ అంత మంచి కారు."

"ఏం, నచ్చలేదా? తీసుకోండి, పరవాలేదు."

"అయ్యో, వద్దండీ. ఇంకెవరికైనా పనికొస్తుంది."

ఇక మూడోసారి అడుగుతాడు, అప్పుడు "సరే, మీరంతగా అంటున్నారు గనక" అనాలని ఆ మాట నాలుక చివర పెట్టుకుని నిలబడింది. ట్రెంట్, "ఓహో, సరేనండీ" అని తల ఊపి ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నాడు. ఆర్లిస్ ఆ గ్యారేజీ ముందు ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు.

సంగతి విన్న లవాన్ నెత్తి కొట్టుకుంది. "ఒసే పిచ్చిదానా! వాడు న్యూజెర్సీవాడే! వాళ్లు వద్దంటే వద్దనే అనుకుంటారు!"

"ఎంత న్యూజెర్సీ అయితే మాత్రం, మూడోసారి అడగడానికి నోరు రాలేదా వాడికి?"

"వెళ్లు, ఇప్పుడే వెళ్లి కావాలని చెప్పు."

"ఇప్పుడే వెళ్తే ఆశపడ్డాననుకోడూ?"

"ఆశపడలేదా?"

"పడ్డాను. ఆ సంగతి అతనికెందుకు తెలియాలి?"

మర్యాదకి రెండు రోజులు ఆగింది మహాతల్లి. సోమవారం పొద్దున్న బంగాళదుంపలూ మాంసమూ పేర్చి కాల్చిన వంటకం ఒక గిన్నెడు పట్టుకుని, దారిలో అలా వచ్చినట్టు వెళ్లింది. గ్యారేజీ ఖాళీ. నేల మీద నాలుగు టైర్ల గుర్తులున్నాయి.

"నిన్న సాయంత్రమే అమ్మేశానండీ, డస్టిన్ హౌగెన్ అనే అతనికి," అన్నాడు ట్రెంట్ గిన్నె అందుకుంటూ. ఒక్కసారి ఇవ్వగానే అందుకున్నాడు, చూడండి!

హౌగెన్ పేరు వినేసరికి ఆర్లిస్ వెనక్కి తిరిగి తమ్ముడి కారు దగ్గరికి పరుగెత్తింది. జిల్లా సంతలో ఏటా కార్ల కుమ్ములాట పెడతారు. పాత కార్లు తెచ్చి బురదలో ఒకదాన్నొకటి గుద్దించి, ఆఖరికి కదిలేది ఎవరిదైతే వాళ్లకి బహుమతి. డస్టిన్ ప్రతి ఏడూ దిగుతాడు. ఇలాంటి పొడుగు కార్లంటే ఆ ఆటగాళ్లు ప్రాణం పెడతారు, ఎంత గుద్దినా తట్టుకుంటాయని. దింపే ముందు మొట్టమొదట చేసేది అద్దాలన్నీ బద్దలుకొట్టి లోపలి సీట్లు పీకి పారేయడం.

ఆర్లిస్ తమ్ముడి కారుని ఊరి వీధిలోంచి ఎలా తోలిందో నేను చూశాను. నేను చూడటమేమిటి, ఆ వీధిలో అందరూ చూశారు. డస్టిన్ పొలం ముందు బ్రేకు వేసేసరికి, నీలం కారు నాలుగు తలుపులూ తెరుచుకుని పెరట్లో ఉంది. డస్టిన్ చేతిలో సుత్తి. వెనకద్దం ముందు నిలబడి, ఎక్కడ కొట్టాలా అని చూసుకుంటున్నాడు.

"డస్టిన్! దించు అది!"

ముప్ఫై నాలుగేళ్లవాడు, ఆరడుగుల మనిషి, బడిలో వరస తప్పితే ఆ గొంతు విని ఎలా బిగుసుకుపోయేవాడో అలాగే బిగుసుకుపోయాడు. సుత్తి కింద పెట్టేశాడు.

"ఏమైందండీ ట్వీటెన్ గారూ?"

ఆర్లిస్ రొప్పుతోంది. డస్టిన్ ఆమెనీ, కారునీ మార్చి మార్చి చూశాడు. మా ఊరి పిల్లాడే కదా, అర్థమైంది. "ఈ కారు మీకేమైనా కావాలా? కావాలంటే తీసుకోండి. ఇచ్చిన డబ్బు నాకిచ్చేస్తే చాలు."

"అబ్బే, వద్దు నాయనా..."

అనేసింది! అరవై ఎనిమిదేళ్ల అలవాటు, దానంతట అదే వచ్చేసింది. అని నాలుక కరుచుకుంది. మొహం కందగడ్డయింది. కళ్ల ముందు వంటింటి బల్ల దగ్గర ముత్యాల పోగులు పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపించింది.

"కాదు. ఉండు. కావాలి," అంది. గొంతు చిన్నగా వచ్చిందనిపించి మళ్లీ గట్టిగా అంది. "నాకు కావాలి. ఈ కారు నాకే కావాలి, డస్టిన్. ఇంకోసారి అడక్కు, నేను మళ్లీ వద్దనేస్తాను. తాళాలియ్యి!"

పక్క పొలంలో ట్రాక్టరు తోలుతున్నవాడు కూడా ఆపి చూశాడు. మా హాల్వర్‌లో ఒక పెద్దావిడ నాకిది కావాలని అలా అరవడం ఎవరూ విని ఎరగరు. డస్టిన్ జేబులోంచి తాళాలు తీసి చేతిలో పెట్టాడు.

"మరి నీ ఆట?" అంది ఆర్లిస్, ఇప్పుడు సిగ్గుపడుతూ.

"మా మామ దగ్గర పాత పోలీసు కారుందిలెండి. కానీ ఒక్క షరతు. ఆదివారం సంతకి మీ ఆరుగురూ వచ్చి నా పేరు పెట్టి అరవాలి. ఇందాక అరిచారే, అలాగే."

గురువారం వచ్చింది. ఎప్పుడూ ముందు ఓర్ఫాని ఎక్కించుకునే ఆర్లిస్, ఆరోజు నేరుగా అయోన్ ఇంటికి వెళ్లి హారన్ కొట్టింది. అయోన్ గుమ్మంలోకి వచ్చి ఆ నీలం పడవని చూసి కళ్లు చికిలించింది.

"ఎంత బాగుందే! మీరు ఐదుగురూ హాయిగా వెళ్లొచ్చు."

"ఐదుగురికైతే తమ్ముడి కారే చాలు. ఎక్కు."

"నాకు తోటలో..."

ఆర్లిస్ కారు దిగింది. మెట్ల దగ్గరికొచ్చి నిలబడింది. "తోటా లేదు గీటా లేదు. అయోన్, ఈ కారు నీ కోసం కొన్నాను. నువ్వు పక్కన లేకపోతే నాకు డాన్సు బాగుండట్లేదు, దారి బాగుండట్లేదు, ఏమీ బాగుండట్లేదు. వినపడిందా? నాకు నువ్వు కావాలి. వచ్చి కూర్చో."

అయోన్ లోపలికెళ్లి చేతిసంచీ తెచ్చుకుంది, వచ్చి ముందు సీట్లో మధ్యకి జరిగి బెల్టు పెట్టుకుంది. ఆర్లిస్ కారుని వీధి చివరికి తీసుకొచ్చింది.

"మూడు వారాలూ నాకు రావాలనే ఉంది," అంది అయోన్, ఎదురుగా రోడ్డు చూస్తూ. "ఒంటిగంట అయ్యేసరికి కిటికీ దగ్గరికెళ్లి నిలబడేదాన్ని. హారన్ కొడతావేమోనని."

ఆర్లిస్‌కి కళ్లల్లో నీళ్లు కమ్మి రోడ్డు కనిపించలేదు. ఓర్ఫా తన ఇంటి ముందు సంచీ ఊపుతూ, "ఏమే, నేను కనపడట్లేదా మీకు!" అని కేకలు పెడుతుంటే, కారు ఆమెని దాటి నాలుగిళ్ల అవతలికి వెళ్లిపోయింది. అంత పొడుగు కారుని వెనక్కి తిప్పడానికి చాలాసేపే పట్టింది. అయోన్ అటూ ఇటూ చూసి చెబుతుంటే, ఇద్దరూ పగలబడి నవ్వుతూ తిప్పారు.