ఊరికే వచ్చిన వెనిస్ చిల్లర

ఎనభైల మొదట్లో వర్జీనియా వెళ్లినప్పుడు, నాయనమ్మ కాసులపేరులో మిగిలిన ఒకే ఒక్క వెనిస్ బంగారు కాసును వెంట తీసుకెళ్లాను. మా ఊరి షావుకారు ముందు దాన్ని అమ్మకానికి పెట్టడం నాకు నామోషీ.

అక్కడ హెర్న్‌డన్ అనే ఊళ్లో పాత నాణేల దుకాణం ముసలాయన కాసు తీసుకుని డబ్బిచ్చాడు. ఆ డబ్బు మీద నల్లబడిన చిన్న నాణెం ఒకటి పెట్టాడు.

"ఇదీ వెనిస్‌దే. అప్పట్లో కూలీలు దీంతో రొట్టె కొనుక్కునేవారు. ఫ్రీ, సర్."

"మా ఇంట్లో ఊరికే పుచ్చుకునే అలవాటు లేదు. డాలర్ తీసుకోండి."

"అమ్మడానికొచ్చిన అందరికీ ఇస్తాను. ఇంటి బంగారం అమ్ముకునే రోజు ఎవరికీ మంచి రోజు కాదు కదా."

నాణెం జేబులో వేసుకున్నాను.

మొన్న మనవరాలు మా నాయనమ్మ కాసు చూపించమంది. బీరువాలో ఆ కూలీల చిల్లరే ఉంది.