చింపిన పెళ్ళిచీర

పక్క ఫ్లాట్‌లో బాలింతకు వాము పొగ వేస్తున్నట్టున్నారు. ఆ ఘాటు వంటింటి కిటికీలోంచి రాగానే నాకు బీదర్ జిల్లా చింతకిలో మా ఇల్లు గుర్తొచ్చింది.

క్రిస్మస్ ముందు రోజులవి. చేలలో కందికాయ ముదిరేది, ఇంటింటా గరిజెలు నూనెలో వేగేవి, పిల్లలం రంగు కాగితాలు కత్తిరించి మైదాపిండి గంజితో దారాలకు అంటించేవాళ్ళం, హైదరాబాద్‌లో అద్దాల బిల్డింగులు కడుతున్న మగవాళ్ళు పండక్కి బస్సెక్కేవాళ్ళు. మా నాన్న అక్కడే సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. అలాంటి ఒక మధ్యాహ్నం అమ్మ మా చెల్లిని కన్నది.

కాన్పుకు మా వైపు ముదురు రంగు పాత చీరలు పరుస్తారు, మరక కనబడదని. అమ్మ మాటిమాటికీ నీళ్ళడుగుతోంది. "కాన్పన్నంక గంత నెత్తురు పోదా? పొద్దుగూకంగ నా కొడుకు రానీ, దవఖానకు పోదాం" అంది నాయనమ్మ. అమ్మ వాళ్ళక్క, మా పెద్దమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. లేచి పెట్టెలోంచి తెల్ల చీర తీసింది. మా క్రైస్తవ ఇళ్ళలో చర్చిలో పెళ్ళినాడు కట్టిన తెల్ల చీరను దాచి, చివరికి అది కట్టే సమాధి చేస్తారు.

"అది దాని ఆఖరి చీరనే! దాన్ల చెయ్యి పెడ్తవా?" అని నాయనమ్మ అడ్డం వచ్చింది.

"నల్లదాంట్ల ఎంత పోతాందో ఏం తెలుస్తది అత్తా? ఇయ్యాల చింపకుంటే ఇయ్యాలనే కట్టాల్సొస్తది."

చింపింది. మడిచి పెట్టిన ముక్క, నాయనమ్మ గొణుగుడు ఆగేలోపే, అంచులదాకా ఎర్రబడింది. నాయనమ్మ ఒక్కసారి దాన్ని చూసి, జీపు కోసం తనే వీధిలోకి పరుగెత్తింది.

బీదర్ దాకా పెద్దమ్మ ముక్కలు మారుస్తూ, తడిసినవన్నీ తాంబాళంలో వేస్తూ వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ తాంబాళం చూసి, ఇంకేమీ అడగకుండా రక్తం తెమ్మంది. చెల్లిని నా ఒళ్ళో పెట్టి వరండాలో కూర్చోబెట్టారు. చాలాసేపటికి పెద్దమ్మ బయటికొచ్చి, చివరి ముక్క విప్పి నాయనమ్మకు చూపించింది. అక్కడక్కడా చుక్కలు, మిగతాదంతా తెలుపు.

"సూడత్తా. ఇగ తిట్టు నన్ను."

నాయనమ్మ ఆ గుడ్డముక్కను రెండు చేతుల్లో పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ ఇంట్లో కనరు, ఫోన్ చేస్తే బండి వస్తుంది. నాయనమ్మ లేదు, పెద్దమ్మ లేదు. మనవరాళ్ళను ఎత్తుకుని తిరిగాక, ఈ ఏడు అమ్మ కూడా వెళ్ళిపోయింది. దుకాణంలో అప్పటికప్పుడు కొన్న చీర కట్టాం. ఎవరో బంధువులావిడ పెళ్ళిచీర ఏదని అడిగింది.

"గది నేను పుట్టిన్నాడే ఒడిసింది అత్తమ్మా" అంది చెల్లి.