అల్తాఫ్ వంతు

హుస్నాకు పాట లేనిదే సూది కదలదు. నంద్యాలలో ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, వాళ్ల ఇంటి ముందుగదిలో మగ్గం వేసుకుని పెళ్లిళ్ల జాకెట్లకు పూసలు, జరీ కుట్టి ఇస్తుంది. పొద్దున వంచిన నడుము సాయంత్రానికి గాని ఎత్తదు. చెవిలో పాట లేకపోతే ఆ కూర్చోవడం జైల్లో కూర్చున్నట్టే అంటుంది. పాట ఉన్నా నోరు ఊరుకుంటుందా అంటే అదీ లేదు. పాడేవాళ్లకు తప్పులు చెబుతూనే ఉంటుంది.

ఈ పాటల పిచ్చి అంటించింది అన్న అల్తాఫ్. అతను ఆళ్లగడ్డలో రాతి విగ్రహాల షెడ్డులో పనిచేసేవాడు. చెక్కడం అయిపోయిన దేవుళ్లను నున్నగా రుద్ది, నూనె పట్టించి, నిగనిగలాడేటట్టు చేసేది అతనే. రోజూ బండి మీద పోయి రావడం. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల దాకా దుమ్ము. ఏ దేవుడికి నున్నగా చేసొచ్చినావురా ఈ పొద్దు అని తల్లి బీబీ అడిగితే, నాకు అందరూ ఒకటేమ్మా, అందరికీ మోకాళ్ల కాడే పని ఎక్కువ అనేవాడు.

ఇంట్లో డబ్బు కట్టి వాడుకునే పాటల యాప్ ఒకటే. అది అల్తాఫ్ పేరు మీద ఉండేది, అన్నాచెల్లెళ్లిద్దరూ పంచుకునేవాళ్లు. దానికొక పాడు గుణం ఉంది. ఒక్కసారికి ఒక్క ఫోనులోనే పాడుతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆళ్లగడ్డలో అల్తాఫ్ పాట పెట్టాడంటే, నంద్యాలలో హుస్నా చెవిలో పాట నడిమధ్యలో తెగిపోయేది. ఆమె వెంటనే ఫోన్ చేసి తగులుకునేది.

"నోటికాడ ముద్ద లాక్కున్నట్ల నా పాట లాక్కుంటాండావు. నీకేం పొయ్యేకాలం?"

"నేను పెట్టింది సూడు, ఎంత బాగుంటాదో. రెండుసార్లు ఇను."

ఏ పాటనైనా రెండుసార్లు వినడం అతని అలవాటు. మొదటిసారి వినేది పరిచయానికి, పాట వినేది రెండోసారే అని అతని వాదన. హుస్నా తిట్టుకుంటూనే వినేది. తిట్టుకుంటూనే ఒప్పుకునేది.

ఆ బండే అతన్ని తీసుకుపోయింది. శిరివెళ్ల దాటాక, ముసురు పట్టిన సాయంత్రం, ఎదురుగా లారీ. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, చెప్పుకునే ఓపికా ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అతని జేబులో దొరికిన ఫోన్‌ను బీబీ తన చీరల కింద బీరువాలో పెట్టింది. చార్జింగు పెట్టడానికి కూడా ఎవరికీ చేతులు రాలేదు. బీబీ అన్నం మానేసింది. బలవంతం చేస్తే రెండు ముద్దలు, అంతే. రోజంతా ఒకటే మాట.

"ఒక్కడే ఉండాడే వాడు ఆడ. చిన్నప్పటి నుంచి ఒక్కడు పండుకునేటోడే కాదు."

రాత్రిళ్లు హుస్నా తల్లి పక్కనే చాప పరుచుకుని పడుకునేది.

నలభయ్యో దినం కూడా అయిపోయాక, మగ్గం మీద పని పేరుకుపోయి తప్పనిసరై హుస్నా మళ్లీ సూది పట్టింది. అన్నాలయ్యాక అలవాటు కొద్దీ ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని యాప్ తెరిచింది. షెహనాయితో మొదలయ్యే ఒక పాత పాట వాళ్లిద్దరికీ ఇష్టం. దాన్ని నొక్కింది. పాట మొదలైనట్టు తెర మీద గీత కదులుతోంది గాని చప్పుడు లేదు. చెవిలోది తీసి ఊది చూసింది. ఫోన్‌ను తట్టింది. అప్పుడు కనిపించాయి కింద చిన్న ఆకుపచ్చ అక్షరాలు. పాట అల్తాఫ్ ఫోనులో వస్తోందట.

హుస్నా సూది కింద పెట్టేసింది. లేచి పోయి బీరువా తెరిచి, చీరల కింద చెయ్యి పెట్టి అన్న ఫోన్ తీసింది. అది నల్లగా, చల్లగా ఉంది. మీట ఎంత నొక్కినా వెలగలేదు. ఒక చేతిలో చచ్చిన ఫోను, ఇంకో చేతిలో చప్పుడు లేకుండా పరుగెత్తుతున్న పాట. గీత చివరికి చేరింది. పాట ఆగింది. ఆమె వేలు దాని మీద లేదు, దేన్నీ తాకలేదు. ఒక్క క్షణం తర్వాత అదే పాట మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

రెండోసారి.

బీరువా ముందు నేల మీద కూలబడిన కూతుర్ని చూసి బీబీ వచ్చింది. హుస్నా దాచలేకపోయింది, చూపించింది. తల్లి భయపడుతుందనుకుంది. బీబీకి చదువు రాదు, అక్షరాలు చూడలేదు, కదులుతున్న గీతనే చూసింది.

"ఏం పాట?"

చెప్పింది.

"ఇననీ. ఆపద్దు," అని బీబీ కూతురి పక్కనే కూర్చుంది. పాట అయిపోయాక లేచి కంచం తెచ్చుకుని అన్నం తినింది. ఎవరూ తినమనలేదు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అదొక ఆచారం అయిపోయింది. అన్నం వేళ దాటగానే హుస్నా ఒక పాట నొక్కుతుంది. చప్పుడు ఉండదు. తల్లీ కూతుళ్లు గీత వైపే చూస్తారు. పాట అయిపోతుంది, మళ్లీ అదంతట అదే మొదలవుతుంది. "ఇన్నాడా?" అంటుంది బీబీ. "ఇన్నాడు" అంటుంది హుస్నా. ఆ తర్వాతే బీబీ కంచం ముందు కూర్చుంటుంది. ఈమధ్య నచ్చిన పాటలు, అల్తాఫ్ పోయాక వచ్చిన కొత్తవి, అన్నీ హుస్నా అతనికి పంపించింది. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు, రేపటికి ఏం పెట్టమంటావని గాలితో మాట్లాడటం కూడా మొదలుపెట్టింది. ఇది పిచ్చి అని ఆమెకు తెలుసు. తెలిసీ భయపడింది, భయపడుతూనే పంపించింది.

ఒకరోజు రెండోసారి కూడా అయిపోయాక ఫోన్ పక్కన పెట్టకుండా చూస్తూ కూర్చుంది. ఇంకో పాట మొదలైంది. పేరు చదివింది. యేసయ్య పాట.

హుస్నా తల్లికి చెప్పింది. బీబీ ఒక్క నిమిషం ఆలోచించి, "ఆడికి పోయి మతం మార్చినాడా ఏందీ వీడు," అంది. అంత దుఃఖంలోనూ ఇద్దరికీ నవ్వు వచ్చింది. నవ్వు ఆగాక గాని హుస్నాకు తట్టలేదు. అల్తాఫ్ ఆ పాట పెట్టడు. మరి పెట్టింది ఎవరు? ఇంకెవరి చెయ్యో ఉంది ఇందులో. ఎవరిదో తెలుసుకుంటే అన్న ఇంకోసారి పోతాడు, ఈసారి తల్లి కంచం ముందు నుంచి పోతాడు. తెలుసుకోకుంటే తనకు నిద్ర లేదు. రెండు రోజులు కొట్టుకులాడింది. మూడో రోజు, అన్న పనిచేసిన తావు చూసొస్తానని చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కింది. ఇంటి బయట అతను బతికిన చోటు ఆమెకు తెలిసింది అదొక్కటే.

"వాడు కూర్చునే కాడ నువ్వూ రవ్వంతసేపు కూర్చో," అని పంపింది బీబీ.

శిరివెళ్ల దాటాక హుస్నా కిటికీలోంచి చూడలేదు. ఒళ్లో సంచి వైపే చూస్తూ కూర్చుంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన వరసగా షెడ్లు. ముందు సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉన్నాయి. కొన్నింటికి ఇంకా ముఖాలు రాలేదు. లోపల మిషన్ల రొదకు పక్కమనిషి మాట వినపడదు. పెద్ద శిల్పి మద్దిలేటి ఆమెను చూడగానే మిషను ఆపాడు. రాళ్లు కోసే ఇస్సాకు లేచి నిలబడ్డాడు. ఇద్దరూ అల్తాఫ్‌ను మట్టి చేసిన రోజు వచ్చినవాళ్లే. స్టూలు దులిపి వేసి, డబ్బాలోంచి అన్నం పెట్టారు. తినక తప్పలేదు.

అప్పుడు చూసింది. గోడ మేకుకు వైరుతో వేలాడుతున్న పాత ఫోను. అద్దం పగిలి సాలెగూడులా ఉంది. కింద స్పీకరు. పోయిన ఏడాది పారేసినానని అల్తాఫ్ చెప్పిన ఫోనే అది. పారేయలేదు, ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆఫీసు గది వైఫై పట్టుకుని అది ఇంకా అతని పేరుతోనే బతికి ఉంది.

"పొద్దంతా ఈ రొదలో మాటలుండవు గదా పాపా," అన్నాడు మద్దిలేటి. "అన్నం తిన్యాక మిషన్లు ఆపి తలా ఒక పాట. ఈమధ్య నువ్వేం ఇన్నావు, నేనేం ఇన్నాను అని. మీ అన్న పెట్టిన వంతు ఇది. ముందు ఇస్సాకు, ఆనెక నేను, కడగా అల్తాఫ్."

అల్తాఫ్ పోయాక అతని వంతును తీసెయ్యడానికి మద్దిలేటికి మనసొప్పలేదట. అతని వంతు వచ్చినప్పుడు ఒక పాటంతసేపు ఊరికే కూర్చునేవాళ్లట. అట్లా కొన్నాళ్లు గడిచాయి. ఒకరోజు ఆ మౌనంలో, ఎవరూ ముట్టకుండానే, గోడ మీద ఫోను షెహనాయి మొదలుపెట్టింది.

"నాకైతే పాణం పొయ్యి వచ్చింది," అన్నాడు ఇస్సాకు. "అప్పట్నుంచి దినామూ. అయిపోతానే నేను ప్రభువు పాట ఒకటి పెట్టుకుంటా, ధైర్యానికి. ఈ ఫోన్ నువ్వు ఇంటికి తీస్కపో తల్లీ, నీకు దండం పెడతా. నా పెండ్లాము పని మానుకోమంటాంది."

"నోరు ముయ్‌రా," అన్నాడు మద్దిలేటి. గొంతులో కోపం లేదు. "వాడు మనల్ని ఏమన్నా జేస్తాండాడా? వస్తాడు, పాట ఇనిపిస్తాడు, పోతాడు. ఉండు పాపా. ఇప్పుడు వస్తాడు, నువ్వే ఇందువు."

హుస్నా సంచిలోని తన ఫోనును తడుముకుంది. ఇక్కడ వీళ్లకు దయ్యమై వచ్చేది తనే. వీళ్ల పాటలు ఈ ఫోనులో మోగాక, ఇంట్లో తను నొక్కిన పాటా ఇందులోనే మోగుతోంది. చెప్పాలంటే ఒక్క ముక్క చాలు. నేనే నొక్కుతున్నాను అంటే అయిపోయేది. కాని ఆ ముక్క అనలేదు. ఎందుకంటే ఆమెకు ఇంకా ఒక ఆశ మిగిలి ఉంది. మొదటిసారి నేనే, సరే. రెండోసారి? రెండోసారి నేను నొక్కను గదా. అది ఆమె అడగలేదు. అడగడానికి భయపడింది.

ఇస్సాకు పాట పెట్టాడు. తర్వాత మద్దిలేటి భజన ఒకటి పెట్టాడు. తర్వాత ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. ఫోను పలకలేదు. ఎట్లా పలుకుతుంది, పలికించే మనిషి స్టూలు మీద కూర్చుని ఉంటే.

"చెల్లెలొచ్చింది గదా," అన్నాడు ఇస్సాకు చివరికి, ఊపిరి వదిలి. "సూసుకున్యాడు. శాంతిగా ఎల్లిపోయినాడు. ఇంగ తీస్కపో తల్లీ."

మద్దిలేటి దుమ్ము పట్టిన తెల్లటి చేతులతో ముఖం రుద్దుకున్నాడు. ఆ ముఖంలో బీబీ ముఖం కనిపించింది హుస్నాకు. అన్నం ముట్టని రోజుల నాటి ముఖం.

"నీళ్లు తాగొస్తా చిన్నాయనా," అని సంచి తీసుకుని బయటకు వచ్చింది. షెడ్డు వెనక, ముఖం లేని ఒక విగ్రహం చాటున నిలబడి, ఫోన్ తీసి పాట నొక్కింది.

రేకుల లోపలి నుంచి షెహనాయి లేచింది. ఇన్నాళ్లూ గీత కదలడమే చూసింది గాని, ఆ పాట ఇక్కడ ఎట్లా మోగుతుందో ఆమె ఎన్నడూ వినలేదు. రేకులు అదురుతున్నాయి. అల్తాఫ్ వినింది ఇట్లా అన్నమాట. ఇంత పెద్దగా, ఇంతమందితో. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పాట చివరికి వస్తుంటే రేకుల సందులోంచి లోపలికి చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

పాట ఆగింది. మద్దిలేటి లేచాడు. ఫోను దగ్గరకు పోయి, పగిలిన అద్దం మీద తెల్లటి వేలు పెట్టి మళ్లీ నొక్కాడు.

"రెండోసారి మనమే పెట్టల్ల," అంటున్నాడు ఇస్సాకుతో. "వాడు ఒకసారికి ఒప్పుకునేటోడు కాదు."

హుస్నాకు మిగిలిన ఆశ అక్కడ తెగిపోయింది. అన్న ఆ రోజు, ఆ రేకుల సందులో, నిజంగా చచ్చిపోయాడు. రాయికి ఆనుకుని పాట అయిపోయేదాకా నిలబడింది.

లోపలికి పోయేసరికి ఇస్సాకు ప్రభువు పాట వెతుక్కుంటున్నాడు. మద్దిలేటి కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"యాడికి పొయినావు పాపా? మీ అన్న వచ్చినాడు, నువ్వే లేవు."

"ఇన్నా చిన్నాయనా. బైట నుంచి ఇన్నా."

"ఫోన్ తీస్కపోతావా మరి?"

"వద్దు. ఈడే ఉండనీ," అంది హుస్నా. ఇస్సాకు వైపు తిరిగి, "భయపడద్దన్నా. మా అన్న ఎవురినీ ఏమీ చెయ్యడు. నీ పాట కూడా ఇంటాండాడు," అంది.

పొద్దు వాలేసరికి ఇల్లు చేరింది. బీబీ గడప మీదే ఉంది. కంచం బోర్లించే ఉంది.

"ఈ పొద్దు ఇన్నాడా?"

"ఇన్నాడు."

"రెండుసార్లా?"

దారంతా సిద్ధం చేసుకున్న నిజం హుస్నా నాలుక చివర ఉంది. తల్లి చెయ్యి పట్టుకుంది.

"రెండుసార్లు. ఒక్కడే లేడమ్మా వాడు. ఇద్దరు తోడుండారు. ముగ్గురూ కూర్చొని ఇన్నారు."

బీబీ చాలాసేపు కూతురి ముఖమే చూసింది. తర్వాత లేచి రెండు కంచాలు పెట్టింది.

మరుసటి రోజు అన్నం వేళ దాటాక హుస్నా పాట నొక్కింది. ఇప్పుడు అన్నీ తెలుసు ఆమెకు. ఏ గోడ, ఏ మేకు, ఎవరి వేలు, అన్నీ. గీత చివరికి చేరి ఆగింది. ఆమె వేలు తీసేసి ఉంది, అక్కడ మద్దిలేటి ఇంకా లేస్తూ ఉంటాడు. ఆ కాసేపు ఫోను మీద ఎవరి చెయ్యీ లేదు. బీబీ ఊపిరి బిగబట్టింది. తెలిసి కూడా హుస్నా ఊపిరి బిగబట్టింది. వాకిట్లో ఎవరో బండి ఆపినట్టయింది. ఇద్దరిలో ఎవరూ లేచి చూడలేదు.

పాట మళ్లీ మొదలైంది.