తడి గోనెపట్టా వాసన

నల్గొండలో ఎండలు ముదిరితే మా కిరాయింట్లో కూలర్ గడ్డి తడిసి ఒక వాసన వేస్తుంది. ఆ వాసనకు ఇంట్లో అందరికీ హాయిగా నిద్ర పడుతుంది గాని, నాకు మా ఊళ్లోని మగ్గాల గది గుర్తొచ్చి ఉన్న నిద్ర ఎగిరిపోతుంది.

ఆ గదిలో నేలలోకి దింపిన గుంట మగ్గాలు రెండు, ఒకటి బాపుది, ఒకటి బాపు చెల్లెలు చిన్నత్తది. వడగాలి తగిలితే పడుగు దారాలు పటపటా తెగుతాయని, ఉన్న ఒక్క కిటికీకి బాపు గోనెపట్టా కట్టి మాటిమాటికీ నీళ్లు చల్లేవాడు. ఆ తడి వాసనలో, నూలుకు పట్టించే పులిసిన గంజి వాసనలో నేను మూలన కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. పని కాగానే ఖాళీ కండెలు వరసగా నిలబెట్టి నేనూ తమ్ముడూ గోటీలతో కొట్టే ఆట మొదలుపెడితే, చిన్నత్త మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూనే నా తొండిని పట్టేసేది.

"ఏయ్ దొంగపిల్లా, గా కండె నువ్వు కాలుతోని పడగొట్టినవ్. మల్ల నిలవెట్టు!"

ఒక వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. అంతకు ముందు తాతా, చిన్నబాపూ అదే దగ్గుతో పోయారు గనక అవ్వ తేల్చేసింది: "గీ దగ్గు మన నెత్తుర్ల ఉన్నది బిడ్డా. నెత్తుర్ల ఉన్నదానికి దవాఖానోళ్లేం జేస్తరు?"

అవ్వది రాతి గుండె ఏం కాదు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు రొట్టెలూ బెల్లమూ పిసికి మలీద ముద్దలు కడితే, తొలిముద్ద మోదుగాకులో పెట్టి చిన్నత్త ముందుంచి కొంగుతో కళ్లు తుడుచుకుంది. చిన్నత్తకు గ్లాసు వేరు, కంచం వేరు. గాలి మాత్రం అందరికీ ఒక్కటే. గోనెపట్టా కట్టిన ఆ కిటికీ ఎవరూ తెరవలేదు. పక్కనే పడుకుని సేవ చేసిన అమ్మకు ఏమీ కాకపోతే, "సూసిన్లా, బయటి నెత్తురుకు అంటలే" అని వాడకట్టంతా తీర్పు చెప్పింది. మరి నాది ఏ నెత్తురు? బాపు నెత్తురే ఉన్న నాకూ ఏమీ కాలేదు గాని, నన్ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

చివరికి బాపు ఆమెను ఎత్తుకుని దవాఖానకు పోతే, "ఇన్ని దినాలు ఏం చేసిన్లు?" అని డాక్టరు గదమాయించాడు. మరుసటి బతుకమ్మకు తొలిముద్ద పెట్టడానికి చిన్నత్త లేదు. మగ్గం మీద ఆమె సగం నేసిన చీరను బాపు పూర్తి చేశాడు. అవ్వ దాన్ని అమ్మనియ్యలేదు.

ఇప్పుడు తమ్ముడి బిడ్డ శిరీష మా ఇంట్లో ఉండి చదువుతూ అదే దగ్గు దగ్గుతోంది. కొందరి ఒళ్లు పుట్టుకతోనే ఈ క్షయ క్రిమికి తొందరగా లొంగుతుందనీ, అయినా మందులు మానకుండా మింగితే నయమవుతుందనీ డాక్టరు చెప్పాడు. మా పిల్ల ఆ మాటల్లో మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేసింది. నిన్న దిండు ఎత్తితే, మింగకుండా దాచిన గోలీలు.

"జీన్స్‌లనే ఉన్నదట అత్తమ్మా. ఇగ గోలీలేం జేస్తయి?"

అవ్వ చెప్పిన నెత్తురు మాటే, ఇంగ్లీషు నేర్చుకుని మళ్లీ మా ఇంటికొచ్చింది.

"నోర్మూయే! నాది గదే నెత్తురు, గదే గదిల పెరిగిన. నెత్తురే తలుపు దీసిందనుకో, లోపలికొచ్చినదాన్ని ఎల్లగొట్టొద్దా? మింగు."

"నీతోని కొట్లాడుడు కంటే మింగుడే నయం," అని మింగింది. నవ్వబోయి దగ్గింది. అచ్చం చిన్నత్త దగ్గే.

లేచి కూలర్ ఆపేసి కిటికీలు బార్లా తెరిచాను. వేడిగాలి మొహాన కొట్టింది. బాపు లేడు, మగ్గాలు పొయ్యిలోకి పోయాయి, గుంటలు పూడ్చి పైన బండలు పరిచారు. ఎంత వడగాలి వీచినా, తెగడానికి ఇప్పుడు మా ఇంట్లో ఒక్క పోగు కూడా లేదు.